విరిగిన బల్ల

గట్టి నమ్మకంతో చెప్పేమాటను మనం బల్ల గుద్ది చెబుతాం. ఎదురుగా బల్ల లేకపోయినా, చేతికింద ఉన్నది సొంత మోకాలే అయినా, గుద్దేది మాత్రం బల్లనే. నేను ముప్పయ్యేళ్లుగా జీతం తీసుకుంటున్న సంస్థ పేరుకు అసలు అర్థం కూడా బల్లేనని తెలిసిన రోజున నాకు నవ్వొచ్చింది. ఇటాలియన్ భాషలో 'బాంకో' అంటే బల్ల. కూర్చునే బల్ల కావచ్చు, సరుకు పరిచే బల్ల కావచ్చు. దానిమీద నాణేలు పెట్టుకుని కూర్చున్నవాడి వ్యాపారానికి ఆ బల్ల పేరే వచ్చింది. మనిషి లేచిపోయాడు, బల్ల కూడా పోయింది, పేరు మాత్రం మిగిలి అద్దాల తలుపుల భవనాల మీదికి ఎక్కింది.

ఆ మాట ఇటలీలో పుట్టింది కూడా కాదు. జర్మానిక్ భాషలనుంచి అక్కడికి వచ్చింది. ఇటలీనుంచి ఫ్రాన్సుకు, ఫ్రాన్సునుంచి ఇంగ్లండుకు వెళ్లింది. ఇంగ్లీషులో బెంచీ, బ్యాంకు ఒక తల్లి పిల్లలే. ఒకటి బడికి వెళ్లింది, ఒకటి బజారుకు వెళ్లింది. ఇటాలియన్ మాట చివర ఉన్న అచ్చును ఇంగ్లీషువాళ్లు దారిలో పారేస్తే, మనం 'బ్యాంకు' అని ఒక ఉకారం తగిలించి దానికి మళ్లీ అచ్చు ఇచ్చాం. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అంటారని మనవాళ్లు మురిసిపోతుంటారు. ఆ పొగడ్త సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క మాట విషయంలో మాత్రం బాకీ తీర్చుకున్నాం.

బి.కాం. చదివే రోజుల్లో ఇటాలియన్ మాటలు మాకు తెలియకుండానే నోట్లో నానేవి. కన్‌సైన్‌మెంట్ లెక్కల్లో 'డెల్ క్రెడరే కమీషన్' అని ఒకటుండేది. అరువిచ్చిన సరుకు డబ్బు కొన్నవాడు ఎగ్గొడితే ఆ నష్టం తానే భరిస్తానని ఏజెంటు పూచీ పడితే, అందుకు ఇచ్చే అదనపు కమీషన్ అది. పరీక్షకు నిర్వచనం వల్లించామే గాని 'క్రెడరే' అంటే నమ్మడం అని మా లెక్చరరు చెప్పలేదు, మేమూ అడగలేదు. చిట్టాలో పైవరసలో ఉన్నదే కింద రాయాల్సి వస్తే పెట్టే 'డిట్టో' కూడా ఇటలీదే. చెప్పినది అని దానర్థం. మన కరణాలు రాసే 'సదరు'కు అది సాక్షాత్తూ అన్నదమ్ముడు.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. పద్నాలుగో శతాబ్దపు ఫ్లోరెన్సు నగరంలో డబ్బు మార్చేవాళ్లు బజారులో, పదిమందీ తిరిగేచోట బల్ల వేసుకుని కూర్చునేవారు. బల్లమీద పచ్చగుడ్డ, దానిమీద నాణేల సంచి, పక్కన ఖాతా పుస్తకం. ఊరూరికీ నాణెం వేరు, తూకం వేరు, అందులో బంగారం పాలు వేరు. వర్తకుడు తెచ్చిన పరదేశపు నాణెం తీసుకుని స్థానిక నాణెం ఇవ్వడంతో మొదలైన పని, క్రమంగా డబ్బు దాచుకోవడం, ఒకరి ఖాతాలోంచి మరొకరి ఖాతాకు మార్చడం, దూరదేశంలో చెల్లేలా హుండీ రాసివ్వడం వరకూ పెరిగింది. 1338 ప్రాంతంలో ఫ్లోరెన్సులో ఇలాంటి బల్లలు ఎనభై దాకా ఉన్నాయని ఆ ఊరి చరిత్రకారుడు జొవాన్నీ విల్లానీ లెక్క చెప్పాడు. గమనించాల్సింది ఒకటుంది. ఆయన బ్యాంకులు ఎనభై అనలేదు, బల్లలు ఎనభై అన్నాడు. అప్పటికింకా మాట రెండర్థాల మధ్య నిలబడి ఉంది.

ఇటలీకన్నా ముందే గ్రీకులు ఈ దారిన నడిచారు. వాళ్ల 'త్రపేజా' అంటే బల్ల, ఈనాటికీ ఏథెన్సులో బ్యాంకుల బోర్డుల మీద ఉండేది ఆ మాటే. యెరూషలేము దేవాలయంలో రూకలు మార్చేవాళ్లవి ఏసుక్రీస్తు పడదోసింది కూడా బల్లలనే. గ్రీకు మూలంలో అది త్రపేజా, మన తెలుగు బైబిలులో చక్కగా బల్ల. చర్చికి వెళ్లే మా తోటి ఉద్యోగి ఒకాయన ఆ అధ్యాయం వచ్చిన ఆదివారం తర్వాత సోమవారం నాడు కౌంటరు దగ్గర కూర్చోవడానికి కాస్త ఇబ్బందిపడేవాడు, సరదాకే అనుకోండి.

బల్లకు డబ్బు అర్థం వచ్చాక, బల్ల విరగడానికి వేరే అర్థం రాకుండా ఉంటుందా? ఇటాలియన్‌లో 'బాంకా రోత్తా' అంటే విరిగిన బల్ల. ఇంగ్లీషువాళ్ల 'బ్యాంక్‌రప్ట్' దానిలోంచి వచ్చిందే. జనం చెప్పుకునే కథ అందరూ వినే ఉంటారు. డబ్బు దాచుకున్నవాళ్లకు తిరిగి ఇవ్వలేకపోయిన వ్యాపారి బల్లను నడిబజారులో అందరూ చూస్తుండగా విరగ్గొట్టేవారట, ఇక వీడు ఇక్కడ కూర్చోవడానికి వీల్లేదని. చదవడానికి బాగుంటుంది. కాని నిజంగా గొడ్డలి పట్టుకుని బల్లలు పగలగొట్టారా అంటే పండితుల్లో చాలామంది సందేహిస్తున్నారు. ఒప్పందం విరిగింది, మాట విరిగింది అన్నట్టే బల్ల విరిగింది అన్నారేమో! అంటే మనం అసలు అర్థం అనుకున్నదే అలంకారం కావచ్చు, ఆ అలంకారాన్ని నిజం చేయడానికి తరవాతివాళ్లు గొడ్డలి కథ కల్పించి ఉండవచ్చు. నాకు ఈ రెండోదే నమ్మదగినదిగా తోస్తుంది. అప్పులవాళ్లు ఎప్పుడైనా బల్లను అమ్ముకుని సొమ్ము చేసుకోవాలని చూస్తారు గాని విరగ్గొట్టి కట్టెలు చేసుకుంటారా!

బల్ల విరిచినా విరవకపోయినా, అవమానించడం మాత్రం నిజం. పాదువా నగరపు న్యాయశాలలో నల్లరాయి ఒకటి నేటికీ ఉంది. అప్పు తీర్చలేనివాణ్ణి లోపలి బట్టలతో నిలబెట్టి, ఆ రాతిమీద మూడుసార్లు కూలేసి, నా ఆస్తి వదులుకుంటున్నాను అని మూడుసార్లు అనిపించి ఊరినుంచి పంపేసేవారు. వినడానికి ఇది క్రూరంగా ఉంది గాని, అంతకుముందు ఉన్నది చెరసాల. ఉన్నదంతా వదులుకున్నవాణ్ణి చెరలో వేయవద్దని 1231లో పాదువా చట్టం మార్చుకుంది. దాని వెనక అంథోనీ అనే సన్యాసి ప్రార్థన ఉంది, ఆయనే తరవాత పునీత అంథోనీ అయ్యాడు. ఈ రాతి శిక్షనుంచే ఇటాలియన్‌లో ఒక జాతీయం పుట్టిందంటారు, గుడ్డ లాగుతో మిగలడం అని. మన కట్టుబట్టలతో మిగలడానికి అది దగ్గరి చుట్టం. ఫ్లోరెన్సులోని కొత్త బజారు మండపంలో కూడా నేలలో పొదిగిన గుండ్రటి పాలరాయి ఉంది. అక్కడా పని అదే, దించేది అదే భాగాన్ని.

అయితే ఈ రాళ్లమీద కూర్చున్నవాళ్లు చిన్న వ్యాపారులు. పెద్దల కథ వేరు. ఫ్లోరెన్సుకు చెందిన బార్దీ, పెరుజ్జీ కుటుంబాల వ్యాపారం యూరపంతా విస్తరించి ఉండేది. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డు ఫ్రాన్సుమీద యుద్ధానికి వాళ్లదగ్గర అప్పు చేసి ఎగ్గొట్టాడు. పెరుజ్జీ వాళ్లు 1343లో, ఆ తరవాత రెండుమూడేళ్లలో బార్దీ వాళ్లు పడిపోయారు. రాజు బాకీ ఒక్కటే కారణం కాదని ఇప్పటి చరిత్రకారుల అభిప్రాయం. ధాన్యం వ్యాపారంలో నష్టాలున్నాయి, సొంత ఊరు చేసిన యుద్ధాల ఖర్చులున్నాయి. బల్లలు లెక్కపెట్టిన విల్లానీ కూడా అలాంటి ఒక కంపెనీలో భాగస్వామే. అది దివాలా తీసింది, ఆయన 1346లో జైల్లో కూర్చున్నాడు, 1348లో ప్లేగు వచ్చి పోయాడు. అప్పు ఎగ్గొట్టిన రాజు మాత్రం 1377 దాకా సుఖంగా ఏలాడు. ఆయన కూర్చున్నది బల్లమీద కాదు గదా, సింహాసనం మీద! 1397లో మొదలైన మెడిచీల బ్యాంకు 1494లో మూతపడింది. వెనిస్‌లో లూకా పాచోలీ రెండు వైపుల పద్దు రాసే పద్ధతిని మొదటిసారి అచ్చు పుస్తకంలో వివరించింది కూడా ఆ 1494లోనే. జమాఖర్చులు సరిచూసుకునే విద్య లోకానికి అందిన ఏడాదే, ఆ విద్యలో ఆరితేరినవాళ్ల కొట్టు కట్టేశారన్నమాట.

ఆ వెనిస్‌నుంచి వచ్చిన మార్కోపోలో పదమూడో శతాబ్దం చివర మన తీరం చూసిపోయాడు. మోటుపల్లిని ముత్‌ఫిలి అన్నాడు, అక్కడి రాణిని మెచ్చుకున్నాడు, వజ్రాల కథలు చెప్పాడు. మోటుపల్లి గురించి తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవలసింది మరొకటుంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా లాక్కునే పాత ఆచారాన్ని మాన్పించి, ముప్పైకి ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోమని పరదేశి వర్తకులకు మాట ఇచ్చిన శాసనం అది. రాతిమీద చెక్కిన పూచీకత్తు.

మాబార్ అనబడే తమిళ తీరంలో మార్కోపోలో చూసిన అప్పు వసూలు పద్ధతి ఇంకా చిత్రమైనది. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వని బాకీదారుడు ఎదురుపడితే, అప్పిచ్చినవాడు అతని చుట్టూ నేలమీద గిరి గీస్తాడు. బాకీ తీర్చేదాకానో, తగిన హామీ ఇచ్చేదాకానో అతను ఆ గిరి దాటకూడదు. దాటితే మరణశిక్ష. ఆ దేశపు రాజే ఒక పరదేశి వర్తకుడికి బాకీపడి తిప్పుతుంటే, ఒకరోజు గుర్రంమీద వెళుతున్న రాజు చుట్టూ ఆ వర్తకుడు గిరి గీశాడట. బాకీ తీరేదాకా రాజు అక్కడే నిలబడ్డాడని, ఇది తాను కళ్లారా చూశానని రాశాడు. ఇటలీ శిక్షలో దెబ్బతిన్నది కూర్చున్నవాడి బల్ల. ఇక్కడ గిరి గీసింది నిలబడ్డవాడి చుట్టూ. ఎడ్వర్డు చుట్టూ కూడా ఎవరైనా ఒక గిరి గీసి ఉంటే బార్దీల కథ మరోలా ఉండేదేమో!

మనవైపు దివాలా అనే మాట ఉత్తరాదినుంచి వచ్చింది. దాని పుట్టుక గురించి 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఒక వివరణ ఉంది. వ్యాపారం మునిగిన వర్తకుడు కొట్లో పెద్దదీపం వెలిగించి పెట్టి, తాను తప్పుకునేవాడట. లెక్కలు తేలి అప్పులవాళ్లు సమాధానపడ్డాకే తిరిగి కనిపించేవాడట. దీపంలోంచి దివాలా. దీన్ని అందరూ ఒప్పుకోరు గాని, పండుగకూ పతనానికీ ఒకే దీపం అనే ఊహ మాత్రం మన దేశానికి తగ్గట్టుగా ఉంది. తెలుగువాడు ఈ విషయంలో ఎవరికీ తీసిపోలేదు. చేతులెత్తేశాడన్నాడు, నెత్తిన గుడ్డేసుకున్నాడన్నాడు, బోర్డు తిప్పేశాడన్నాడు. ఇటలీవాడి బల్లకు మనవాడి బోర్డు సరిజోడు. నిజంగా బోర్డును ఎవరూ తిప్పరు, రాత్రికి రాత్రి ఊడదీసుకు కూడా పోరు, అది అక్కడే వేలాడుతూ ఉంటుంది. అన్నిటికంటే గట్టిది ఐ.పి. పెట్టడం. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో వేసే పిటిషన్ తాలూకు రెండక్షరాలు అవి. అవి అక్షరం ముక్క రానివాళ్ల నోట కూడా తిట్టుగా స్థిరపడ్డాయి. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చి కంపెనీల సంగతి తేలుస్తోంది. ఊరి జనం నోట్లో మాత్రం ఐ.పి. చెక్కుచెదరలేదు.

మన ప్రాంతానికి దగ్గరగా విరిగిన పెద్ద బల్ల అర్బత్‌నాట్ కంపెనీ. మద్రాసులో పేరుమోసిన ఇంగ్లీషు వ్యాపార సంస్థల్లో అదొకటి. ప్రభుత్వోద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు, జమీందార్లు దాంట్లో డబ్బు దాచుకున్నారు. అది 1906 అక్టోబరు 22న చెల్లింపులు ఆపేసింది. లండన్‌లోని భాగస్వామి రైలుకింద పడి చనిపోయాడు. మద్రాసులోని సర్ జార్జి అర్బత్‌నాట్‌కు మరుసటి ఏడు పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. మన మునిగుడ, బిసంకటక్, రాయగడ అప్పటికి విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఒడిశా ఏర్పడింది 1936లో గదా. ఆ దెబ్బకు పుట్టిన ఆలోచనలోంచే వి. కృష్ణస్వామి అయ్యరు వంటివారి పూనికతో 1907లో ఇండియన్ బ్యాంకు వచ్చింది. మన డబ్బుకు మనవాళ్ల బల్ల అనే ఆ ధోరణిలోనే 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1980లో అది జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ బల్ల విరగలేదు, మరో బల్లకు అతుకుపడింది. అయినా బరంపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగక్షరాలున్న ఆ బోర్డును చూసి ఇది మనది అనుకున్నవాళ్లకు ఆ రోజు ఏదో పోయినట్టే ఉంది. నేను ఆ బ్యాంకు ఉద్యోగిని కాను, అయినా నాకూ ఉంది.

ఇదంతా పట్టణాల సంగతి. మా కొండల్లో బల్ల ఏది? ఇక్కడి వ్యాపారం సంతలో జరుగుతుంది. చాటికోన బుధవారం సంతకు నియమగిరి కొండలనుంచి డొంగ్రియా కోందులు పసుపు, అల్లం, అనాస, పనస మోసుకుని దిగుతారు. మన షావుకారు గోనెపట్టా పరుచుకుని, తక్కెడో మాణికో ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఉప్పు, బట్ట, పొగాకు అతని దగ్గర ఉంటాయి. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరువైపునుంచి మన తెలుగు వర్తకులు ఈ లోయల్లోకి ఎక్కివచ్చి తరాలయింది. విజయనగరం నుంచి రాయపూరుకు రైలు పడ్డాక మరింతమంది వచ్చారు. మా తాతగారు ఆ రెండో బాపతు. కాబట్టి ఇక్కడ నేను రాసేది పరాయివాళ్ల గురించి కాదు.

ఇటలీ బల్లకు, మా సంతలోని గోనెపట్టాకు ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ డబ్బు దాచుకున్నవాడు బల్లకు అటువైపు నిలబడి నిలదీయగలడు, నాణెం అతనికి తెలుసు, పద్దు అతను చదవగలడు. ఇక్కడ కొలత మనది, పద్దు మనది, చదివేది మనమే. అప్పు తీరనప్పుడు విరిగింది షావుకారు బల్ల కాదు. కోందువాడి పొలం పోయింది, పొలం లేనివాడి ఒళ్లు పోయింది. అప్పుకింద ఏళ్లకేళ్లు చాకిరీ చేసే పద్ధతిని కోరాపుట్‌లో 'గోతి' అనేవారు. ఒడియాలో ఆ మాట పుట్టుక ఏదైనా, తెలుగు చెవికి అది గోతిలో పడ్డట్టే వినిపిస్తుంది. కోరాపుట్‌లో అధికారిగా పనిచేసిన గోపీనాథ్ మహంతి 1945లో రాసిన 'పరజా' నవలలో ఆ గోతి లోతు ఎంతో ఉంది. మన తెలుగు పాఠకులు చదవవలసిన పుస్తకం.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు వడ్డీ, భూబదిలీల చట్టం చేసింది. కొండజాతివాళ్ల అప్పుమీద ఏడాదికి నూటికి ఇరవైనాలుగుకు మించి వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ చెల్లదు. మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివాళ్ల భూమి ఇతరులకు మారితే ఆ బదిలీ చెల్లదు. చదివితే బ్యాంకు అధికారిగా నాకు ఒక్క వాక్యం కూడా మార్చాలనిపించదు. ఒడిశా ప్రభుత్వం 1956లో భూముల గురించి, 1967లో వడ్డీవ్యాపారం గురించి మళ్లీ నిబంధనలు తెచ్చింది. ఒకే పనికి ఇన్నిసార్లు చట్టం చేయవలసి వచ్చిందంటే మొదటిది ఎంత బాగా అమలైందో పాఠకులే ఊహించుకోవచ్చు. చట్టం కాగితాన్ని చూస్తుంది. సంతలో అప్పు నోటిమాట మీద నడుస్తుంది.

నోటిమాట సంగతి చెప్పాలంటే మా ఇంటి వసారాలో ఉన్న బల్ల కథ చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 1984లో, మా వీధిలోనే ఉండే ఒక షావుకారుగారు ఐ.పి. పెట్టారు. పేరు అనవసరం. మా నాన్నకు వరసకు బావ. చెడ్డవాడు కాదు. చింతపండు నిలవచేసి ధర కోసం కనిపెట్టుకుని కూర్చుంటే ధర ఆయన కోసం రాలేదు. జైపూరులోని జిల్లా కోర్టులో వేసిన పిటిషన్‌తోపాటు అప్పులవాళ్ల పట్టిక ఒకటి జతచేశారు. నలభైకి పైచిలుకు పేర్లు. మా నాన్న పేరు అందులో ఉంది, ఆరు వేలకు. ఆరు వేలంటే ఆరోజుల్లో మా కిరాణా కొట్టు సరుకులో సగం.

ఆ పట్టికలో లేని పేరు ఒకటి నాకు తెలుసు. కొండమీద ఊరినుంచి సంతకు వచ్చే ఒక కోందు ఆడమనిషి, పెద్దావిడ. పసుపు అమ్మిన డబ్బులు ఇంటికి తీసుకువెళితే తాగుడికి పోతాయని షావుకారుగారి దగ్గరే దాచుకునేది. కాగితం లేదు, సాక్షి లేడు. ఆయన తన ఆవర్జాలో ఎక్కడైనా రాసుకున్నారో, మనసులోనే పెట్టుకున్నారో. ఎన్నేళ్లు దాచిందో, ఎంత దాచిందో ఆవిడ లెక్క ఆవిడకుంది, పసుపు గంపల్లో. ఐ.పి. సంగతి ఆవిడకు ఎవరు చెబుతారు? మూసిన కొట్టు ముందు మూడు సంతలు వరసగా వచ్చి కూర్చుంది. ఎదురుగా మా కొట్టు.

"షావుకారు ఎప్పుడొస్తాడు బాబూ?" అని అడిగేది మా నాన్నను, సగం ఒడియాలో సగం కుయిలో.

"వస్తాడమ్మా. వచ్చే సంతకి వస్తాడు" అనేవాడు మా నాన్న.

ఆయన రాడని నాన్నకు తెలుసు. నాలుగో సంతకు ఆవిడే రాలేదు. పట్టికలో పేరుంటే రూపాయికి కొన్ని పైసలైనా వచ్చేవి. మా నాన్నకు చివరికి ఆరు వేలకు ఎనిమిది వందల చిల్లర వచ్చింది. చదువుకున్నవాళ్లు ఒకరైనా ఆవిడ తరఫున కోర్టుకు రెండు ముక్కలు రాసి ఉండొచ్చు. మా ఇంట్లోనే నేనున్నాను, తొమ్మిదో తరగతి, దస్తూరీ బాగుంటుందని పేరు కూడా. ఎవరూ నాకు చెప్పలేదు, నాకూ తోచలేదు. తోచినా నాన్న రాయనిచ్చేవాడు కాదనుకుంటాను. పట్టికలో పేర్లు పెరిగితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది.

షావుకారుగారి కొట్లోని సామాను కోర్టు నియమించిన రిసీవరు వేలం వేయించాడు. గల్లాపెట్టె ఒకరు, ఇనప తక్కెడ ఒకరు పాడుకున్నారు. ఆయన రోజూ కూర్చునే టేకు బల్లను మా నాన్న అరవై రూపాయలకు పాడుకుని ఇంటికి తెచ్చాడు. మా అమ్మ నెలరోజులు దానిమీద కూర్చోలేదు.

బల్ల విరిగితే చిన్నవాడు ఏమైపోవాలి అన్న ప్రశ్నకు మన దేశంలో మొదటి జవాబు 1962లో వచ్చింది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాక డిపాజిట్లకు బీమా పెట్టారు. మొదట పదిహేను వందల దాకా, 1993లో లక్ష దాకా, 2020లో ఐదు లక్షల దాకా. దాచుకున్నవాడు కోర్టు పట్టికలో పేరు ఎక్కించుకోనక్కర్లేదు, బ్యాంకు పుస్తకాల్లో అతని ఖాతా ఉండాలి. నా వృత్తిలో నేను గర్వపడే కొద్ది విషయాల్లో ఇదొకటి. అయితే ఖాతా ఉంటే గదా! జన్‌ధన్ ఖాతాలు 2014లో వచ్చాయి. దానికి ముప్పయ్యేళ్ల ముందు మూసిన కొట్టు ముందు కూర్చున్న ఆవిడకు అది ఎలా అందుతుంది?

1994లో ఉద్యోగంలో చేరాక కొన్నాళ్లు ఈ ప్రాంతపు శాఖలోనే పనిచేశాను. కొండలనుంచి వచ్చినవాళ్లకు ఖాతాలు తెరిచేటప్పుడు ఫారం నేనే నింపేవాణ్ణి, గుమాస్తాకు ఇచ్చేవాణ్ణి కాదు. పేరు ఎలా పలుకుతారో రెండుసార్లు అడిగి, ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ సరిగ్గా పడేలా రాసేవాణ్ణి. ఒకే పేరున్న నలుగురు ఒకే ఊళ్లో ఉంటారు, తండ్రి పేరు తప్పుపడితే డబ్బు ఇంకొకరి పద్దులోకి పోతుంది. దీనికి ఎక్కువసేపు పట్టేది, వెనక వరస పెరిగేది, మేనేజరుగారు విసుక్కునేవారు. వాళ్లను కూర్చోమని బల్ల చూపిస్తే చాలామంది కూర్చునేవారు కాదు. గోడవారన నేలమీదే కూర్చునేవారు. పాస్‌బుక్కు చేతికిచ్చాక అటూఇటూ తిప్పి చూసి, నడుముకు చుట్టిన గుడ్డలో దోపుకునేవారు.

టేకు బల్ల ఇంకా ఉంది. ఒక కాలు చెదపట్టి పోతే వేరే కర్రతో వేయించాం, రంగు కలవలేదు. తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేద్దామని మా ఆవిడ పదేళ్లుగా అంటోంది. స్టేషనుకు వెళ్లే దారిలో మా ఇల్లు. సంతరోజున రైలు ఆలస్యమైతే కొండలనుంచి వచ్చిన ఆడవాళ్లు ఖాళీ గంపలు దించి వసారాలోకి వస్తారు, మంచినీళ్లు అడుగుతారు. ముసలివాళ్లు ఇప్పటికీ నేలమీదే కూర్చుంటారు. పిల్లలు బల్లెక్కి కాళ్లూపుకుంటూ ఉంటారు.